ఇంట్లో లేడు

"ఏమన్నావ్? మళ్ళీ అను."

"లవెల్ టటిల్ గారున్నారా అని అడిగానండీ," అన్నాడు ఎల్డర్ హాడ్లాక్, ముఖాన నవ్వు పులుముకుని.

గుమ్మంలో నిలబడ్డ వెర్లా టటిల్ చేతిలోని గరిటె పైకి లేచింది. "నా మొగుడు పోయి నాలుగేళ్ళయింది నాయనా. ఈ నాలుగేళ్ళలో ఆయనున్నాడా అంటూ నా ఇంటికొచ్చిన ఎనిమిదో జత మీరు. మీ చర్చివాళ్ళు తెల్లచొక్కాలు తొడిగి పంపిస్తారు గానీ, బుర్రలు పెట్టి పంపించరా?"

హాడ్లాక్ నవ్వు ఎగిరిపోయింది. ఎల్డర్ అని పిలిపించుకుంటూ, జతగాడితో ఇల్లిల్లూ తిరిగే మిషనరీగా బయల్దేరి అయిదు నెలలు. ఐడహోలోని ఆ చిన్న ఊళ్ళో పొద్దుట్నుంచి పదకొండు తలుపులు తట్టాడు. ఒకాయన కుక్కని వదిలాడు. ఒకావిడ కిటికీలోంచే పొమ్మని చెయ్యి ఊపింది. దారిలో సైకిల్ పంక్చరయింది. మార్చి గాలికి చెవులు మొద్దుబారిపోయాయి. అమ్మతో ఫోన్లో మాట్లాడదామంటే, చర్చి నియమం ప్రకారం మే నెలలో మదర్స్ డే దాకా వీల్లేదు. ఇన్నిటికీ నవ్వుతూనే ఉండాలి. పందొమ్మిదేళ్ళ కుర్రాడు, ఎంతసేపని నవ్వుతాడు?

"మాకేం తెలుస్తుందండీ? మేమిద్దరం ఈ ఊరొచ్చి నాలుగు రోజులే అయింది," అన్నాడు. గొంతు కాస్త లేచింది. "పాతవాళ్ళు బదిలీ మీద పోతూ ఈ పుస్తకం మాకిచ్చిపోతారు. ఏ ఇంటికెళ్ళారో, అక్కడ ఏం జరిగిందో అందులో రాసుంటుంది. మీ ఆయన పేరు కింద ఏడుసార్లు 'ఇంట్లో లేడు' అనుంది. పోయాడని ఎక్కడా లేదు."

వెనక నుంచి జతగాడు ఫలేయాఫా అతని కోటు లాగాడు. టోంగా దీవుల కుర్రాడు, మనిషి తలుపంత ఉంటాడు, మాట మాత్రం లోలోపలే ఉంటుంది. "పోదాం రా, ఎల్డర్. పెద్దావిడ."

"ఎక్కడికి పోతారు? నిలబడండి," అంది వెర్లా. "ఎల్డరంట. మీసం మొలవలేదు గానీ పెద్దమనిషంట. మీ చర్చి మెట్ల మీద ముప్ఫై ఏళ్ళు మంచు ఎత్తిపోసిందెవరో తెలుసా మీకు? లవెల్. ఆదివారం నాలుగింటికే లేచి పార పట్టుకుని పోయేవాడు. ఏ ముసలమ్మా కాలు జారకూడదని. ఆయన పోయిన రోజు ఊరంతా బంగాళాదుంపలు వండి తెచ్చారు. పద్నాలుగు గిన్నెలు. తిన్నావా, పారేశావా అని ఒక్కరడిగితే ఒట్టు. గిన్నెలకి మాత్రం వారం తిరక్కుండా వచ్చారు."

"అమ్మా, అదంతా మాకు..."

"ఆ తర్వాత ఆయన పేరెత్తిన మనిషి లేడు. నేనెత్తితే, ఈ ఏడు దుంపల పంట ఎలా ఉంటుందో అంటారు. ఆయన పోయాడని ఊళ్ళో అందరికీ తెలుసు. తెలీంది మీ ఇద్దరికే."

"అయితే ఆ కోపమేదో వాళ్ళ మీద చూపించండి. మా మీదెందుకు?" అనేశాడు హాడ్లాక్.

అనకూడదు. గుమ్మం ముందు గొంతు పెంచొద్దని నూరిపోసి మరీ పంపిస్తారు. కానీ ఒళ్ళు మండిపోతున్నప్పుడు నూరిపోసిందంతా ఎవరికి గుర్తుంటుంది?

"చదువాపుకుని, ఇల్లొదులుకుని వచ్చాం. రెండేళ్ళు ఇలా తిట్లు తినడానికా?" పుస్తకాన్ని వేలితో పొడిచాడు. "ఆ ఏడు జతలకీ ఒక ముక్క రాయడానికి చేతులు రాలేదా? ఉండండి, ఇవాళే తేల్చేస్తాను." జేబులోంచి ఎర్ర కలం తీశాడు. పుస్తకం తెరిచి టటిల్ పేజీ పట్టుకున్నాడు. "పోయాడని రాసి, పేజీ మొత్తం కొట్టేస్తున్నా. ఇంక మీ తలుపు తట్టే మిషనరీ ఉండడు. ఆయన పేరు అడిగేవాడూ ఉండడు. చాలా?"

వెర్లా గరిటె కిందికి దిగింది. హాడ్లాక్ కలం కాగితానికి ఆనించాడు.

"ఆగు," అంది. "ఆ పుస్తకం ఇలా తే."

"నేను రాస్తానండీ."

"నా మొగుడి సంగతి నాకంటే నీకెక్కువ తెలుసా? ఇవ్వమంటుంటే."

అతని చేతిలోంచి పుస్తకం, కలం లాగేసుకుంది. గరిటె చంకలో పెట్టుకుని, పుస్తకాన్ని ద్వారబంధానికి ఆనించి, వాళ్ళకి వీపు తిప్పి, ఏదో రాసింది. టప్పున మూసి హాడ్లాక్ గుండెల మీద కొట్టినట్టుగా అందించింది. కలం కూడా చేతిలో కుక్కింది.

"అయింది. ఇంక కదలండి. కూర మాడుతోంది."

తలుపు వాళ్ళ ముఖం మీదే పడింది.

గేటు దాకా హాడ్లాక్ ఆగకుండా తిట్టుకుంటూనే వచ్చాడు. "మనమేం పాపం చేశాం చెప్పు? ఊరి మీద కోపమంతా మన మీద కక్కింది. పోనీలే, పీడా పోయింది. వెనకొచ్చేవాళ్ళయినా బతికిపోతారు." పుస్తకాన్ని ఫలేయాఫా చేతిలో పడేసి, పంక్చరయిన చక్రాన్ని ఒక్క తన్ను తన్నాడు.

ఫలేయాఫా పుస్తకం తెరిచాడు. ఆ పేజీ మీద వేలు పెట్టి, ఒక్కో వరసా చూసుకుంటూ కిందికి దించాడు.

"ఏంటి చూస్తున్నావ్?" అన్నాడు హాడ్లాక్ చిరాగ్గా. "పోయాడని రాసింది, అంతేగా?"

ఫలేయాఫా పుస్తకం అతని వైపు తిప్పాడు. పైనున్న ఏడు వరసలూ, కింద ఎర్ర సిరాతో ఇప్పుడే రాసిన ఎనిమిదోదీ, అన్నీ ఒకే దస్తూరిలో ఉన్నాయి: "ఇంట్లో లేడు. మళ్ళీ రండి."