ఇసుకలో రెండో జాడ

వేసవి సెలవులకు పాల్వంచ నుంచి వచ్చిన సతీష్, ప్రమీల భద్రాచలం అవతల గోదావరి ఒడ్డున గుడారంలో దిగారు. అక్కడ ఇసుక మీద మోటారు బగ్గీ షికారు కొత్తగా పెట్టారు. సతీష్‌కు నడుం నొప్పి. అందుకని ప్రమీల ఒక్కతే డ్రైవర్ కోటేష్ పక్కన ఎక్కింది.

మధ్యాహ్నం కురిసిన వానకు ఇసుకంతా నున్నగా పరుచుకుని ఉంది. దిబ్బలెక్కి దిగుతూ నది మలుపు దాకా వెళ్లారు. ప్రమీల చిన్నపిల్లలా కేకలు పెట్టింది. తిరుగు దారిలో చీకటి పడింది.

ఉన్నట్టుండి కోటేష్ బండి ఆపాడు. లైటు వెలుగులో రెండు జతల చక్రాల జాడలు కనిపించాయి. ఒకటి వాళ్లు వెళ్లినప్పటిది. దాని పక్కనే ఇంకొకటి గుడారాల వైపు వెళ్తోంది.

"ఇంకో బగ్గీ ఉన్నదా?" అంది ప్రమీల.

"లేదు మేడం. గీడ ఉన్నది గిదొక్కటే."

అతను దిగి ఆ జాడను వేలితో తడిమాడు. ఇసుక ఇంకా తడిగానే ఉంది, ఇప్పుడే పడ్డ జాడ. ఇంజన్ ఆగిపోయినా నది చప్పుడు వినిపించడం లేదు.

ప్రమీల భర్తకు ఫోన్ చేసింది. ఆమె నోరు తెరవకముందే అతను మాట్లాడాడు.

"హలో, ఎవరండీ? ఆ ఫోన్ మా ఆమెది. ఇసుకల జారిపడ్డదట, ఇప్పుడే వచ్చి చెప్పింది. మీకు దొరికిందా?"

ప్రమీల ఫోన్ చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది.

ఫోన్లో సతీష్ వెనక నుంచి ఒక ఆడగొంతు నెమ్మదిగా పలికింది. అది ప్రమీల గొంతే.

"వాళ్లు యాడున్నరో అడుగుండ్రి."