రెండు వీధులు

"ఇవాళ్టికి నన్నొదిలెయ్యవే. ఈ కాళ్లు నావి కావనిపిస్తోంది," అంటూ అక్క గోడవైపు తిరిగి పడుకుంది.

చెల్లెలు వినిపించుకోలేదు. మంచం కిందున్న చెప్పులు తీసి ఆమె కాళ్ల దగ్గర పెట్టింది.

మూడో కీమో ఎక్కించుకుని నాలుగు రోజులైంది. అక్కకు నోరంతా ఇనుప రుచి, ఒళ్లంతా తడిసిన దుప్పటిలా బరువు. రొమ్ము తీసేసిన వైపు చెయ్యి భుజం దాటి లేవడం లేదు. రోజుకు ఆరు జాకెట్లు కుట్టిన ఆ చేతికి ఇప్పుడు గోడ మీద వేళ్లు పాకించడమే పని. ఏ రోజు ఎంత ఎత్తు అందిందో చెల్లెలు పెన్సిలుతో గీత పెడుతోంది. నడిస్తే నీరసం పెరగదు, తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఆవిడకేం, ఎన్నైనా చెబుతుంది అనుకుంది అక్క.

చివరికి లేచింది. రెండు వీధులు తిరిగి రావాలన్నది ఒప్పందం. మొదటి మలుపు దగ్గరికి వచ్చేసరికే ఆయాసం ముంచుకొచ్చి, ఇంకా తెరవని మందుల షాపు మెట్టు మీద కూలబడింది. చెల్లెలు నీళ్ల సీసా మూత తీసి అందించింది. కాసేపాగి, ఇక లేద్దామంది.

అక్కకు ఒళ్లు మండింది. టికెట్ల కౌంటర్లో కూర్చుని ఉద్యోగం చేసే ఈ పిల్ల, వీధి చివరి దుకాణానికైనా స్కూటరు తీసే మనిషి, పది రోజులుగా తెల్లారేసరికి వచ్చి తన ప్రాణం తోడేస్తోంది. మనసులో ఉన్నదంతా వెళ్లగక్కింది. ఈ బాధ నీకేం తెలుసంది. జాలిపడి ఎవరూ తన వెంట నడవక్కర్లేదంది. ఇవాళ్టితో ఈ నడకకూ, ఆ గోడకూ ఒక దణ్ణం అంది.

చెల్లెలు సీసా మూత బిగిస్తూ, బిగిసిపోయాక కూడా తిప్పుతూనే ఉంది.

అది చూసి అక్క గొంతు కాస్త మెత్తబడింది. "అసలు నీకెందుకే ఇంత పట్టుదల? నేను నాలుగు రోజులు పడుకుంటే కొంపలేమైనా మునుగుతాయా?"

"వచ్చే సోమవారం నాక్కూడా అదే ఆపరేషనక్కా. నువ్విక్కడే ఆగిపోతే, అప్పుడు నన్నెవరు నడిపిస్తారు?"