సువార్త గొంతు

సినిమాలకు డబ్బింగ్ చెప్పే సువార్త చనిపోయాక, ఆమె గొంతు మీద హక్కులన్నీ తను పనిచేసిన కంపెనీకే మిగిలాయి. ఎవరైనా దొంగతనంగా కాపీ చేసుకుంటే ఫోన్లే పసిగట్టి చెరిపేస్తాయి. అయినా కూతురు కెజియా ఎక్కడో ఒక కాపీ సంపాదించింది. తండ్రి దేవసహాయంతో కలిసి చిక్కుళ్ళు ఒలుస్తూ వింది. సువార్త నవ్వుతుండగానే ఫైలు మాయమైంది. ఆ తప్పుకు శిక్షగా, ఇంట్లో తీసుకున్న ఆమె వీడియోలు కూడా మూగబోయాయి.

"ఊరుకో నాన్నా, నాది అచ్చం అమ్మ గొంతేగా. రోజూ ఫోన్ చేస్తాలే," అంది కెజియా.

హాస్టల్‌కి వెళ్ళగానే వీడియో కాల్ చేసింది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. తెర మీద అక్షరాలు వచ్చాయి: 'ఈ గొంతు కంపెనీకి చెందినది. ఆపివేశాం.'

"వినపడట్లేదమ్మా, కాస్త గట్టిగా చెప్పు," అంటూనే ఉన్నాడు దేవసహాయం. కూతురు ఏడవడం మాత్రం కనపడింది.