హద్దులు చూపించండి

"మీ ఇల్లు మ్యాపులో లేదమ్మా" అన్నాడు సర్వేయరు, కంప్యూటరు మీంచి తల తిప్పకుండానే.

సరోజిని కూర్చోలేదు. ఈ ఒక్క మాట వినడానికి కూర్చోవడం దేనికి? కొత్తపేటలో బస్సెక్కి, దిగినచోటి నుంచి ఎండలో నడిచి గ్రామ సచివాలయానికి వచ్చింది. వచ్చినప్పుడల్లా ఇదే మాట. చెప్పే మనుషులే మారుతున్నారు. ఈసారి కుర్చీలో ఉన్నది నాగదుర్గాప్రసాద్ అనే కుర్రాడు. వేరే జిల్లా నుంచి బదిలీ మీద వచ్చి వారం కూడా కాలేదు.

"ఇంకోసారి చూడండి బాబూ. చర్చి దాటేక, కొబ్బరితోట అవతలండి. డాబా ఇల్లు."

అతను విసుగ్గా స్క్రీను ఆమె వైపు తిప్పాడు. డ్రోను పైనుంచి తీసిన ఊరు. ప్రతి ఇంటి చుట్టూ పసుపుపచ్చ గీత, గీత మధ్యలో నంబరు. చర్చికి నంబరుంది. స్కూలుకి ఉంది. ఎవరిదో పశువుల పాకకి కూడా ఉంది. కొబ్బరితోట దగ్గరికొచ్చేసరికి గీతలు ఆగిపోయాయి.

"చెట్ల నీడలో ఇల్లుంటే డ్రోనుకి కనబడదు. అందుకే హద్దుల వెంట సున్నం గీయమని ముందే దండోరా వేయించాం. మీరు గీయలేదా?"

"గీయడానికి వీల్లేకపోయిందండి."

"ఊరందరికీ వీలైంది. మీ ఒక్కరికే వీల్లేకపోయిందా?"

సరోజిని పళ్ళ బిగువున కోపం ఆపుకుంది. కువైట్‌లో ఓ అరబ్బు ఇంట ఏళ్ళ తరబడి వంట చేసి, పండగలకి కూడా రాకుండా కట్టించుకున్న డాబా అది. గృహప్రతిష్ఠ నాడు పాస్టరు గారు గది గదికీ తిరిగి ప్రార్థన చేశారు. ఇప్పుడామె కొత్తపేటలో తమ్ముడు మోషే ఇంట్లో, వెనక గదిలో, ట్రంకుపెట్టెల మధ్య పడుకుంటోంది. మరదలు పైకి ఏమీ అనదు. గిన్నెలు మాత్రం చప్పుడు చేస్తాయి.

"పోనీ, ఇల్లు లేదనే రాయండి. ఇళ్ళు లేనోళ్ళ జాబితాలో నా పేరెక్కించండి" అంది.

"అదెలా కుదురుతుందమ్మా? మీ పేరున డాబా ఉంది. పన్ను కూడా కడుతున్నారు."

"అంటే ఇల్లు ఉన్నట్టా, లేనట్టా?"

"పన్ను రికార్డులో ఉంది. మ్యాపులో లేదు."

"పన్ను కట్టించుకునేటప్పుడు కనబడిన ఇల్లు, నంబరిచ్చేటప్పుడు కనబడదేంటండి?"

పక్క బల్ల దగ్గర ఎవరో నవ్వారు. ప్రసాద్ ముఖం కందిపోయింది.

"నా చేతిలో ఏముందమ్మా? నంబరు లేకపోతే సిస్టమ్ ముందుకి పోదు. ఒక పని చేయండి. ఇంటి ముందు నిలబడి, ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి, ఫోటో తీసి పంపండి. దాన్ని బట్టి నేనే గీత గీస్తాను."

"అక్కడ నిలబడే వీల్లేదండి."

అప్పుడు తలెత్తాడు. ఆమెను మొదటిసారి సరిగా చూశాడు. "ఎవరన్నా ఆక్రమించుకున్నారా?"

"ఆయ్. అలాగే అనుకోండి."

"ఎవరు?"

"పెద్దోళ్ళండి. మా ఒక్కళ్ళదే కాదు, పక్క ఇళ్ళూ పోయాయి. పక్కింటి సూరయ్య గారు కూతురి దగ్గరికి వెళ్ళిపోయేరు. మిగతావాళ్ళు తలో దిక్కూ అయిపోయేరు."

"కేసు పెట్టలేదా?"

"వాళ్ళమీద ఏ కోర్టు తీసుకుంటుందండి?"

"ఇదంతా అర్జీలో రాయాలి కదమ్మా."

"రాసేమండి. రాసినవన్నీ 'పరిశీలించి ముగించడమైనది' అని తిరిగొచ్చేయి. నోటితో చెప్పి చెప్పి అలిసిపోయేను బాబూ. ఇంక చెప్పను. మీరొక్కసారి వచ్చి కళ్ళారా చూడండి. చూసి, మీకేం కనబడితే అదే రాయండి. నేనింకేం అడగను."

ప్రసాద్ కంప్యూటరు మూసేశాడు. ఊరి పెద్దల మీద అతనికి చదువుకునే రోజుల నుంచీ మంటే.

"ఎంత పెద్దవాళ్ళైనా సరే, రేపు నేనే వస్తాను. కొలిచి, వాళ్ళ కళ్ళ ముందే హద్దురాళ్ళు పాతిస్తాను. ఎవరడ్డమొస్తారో చూద్దాం."

సరోజిని చేతులెత్తి దండం పెట్టింది. ఇంతకాలానికి ఒక మనిషి వస్తానన్నాడు.

మర్నాడు ప్రసాద్ అన్న మాట ప్రకారమే వచ్చాడు. మోటారు సైకిల్ వెనక రెండు రాళ్ళు, భుజాన శాటిలైటుతో కొలిచే గడకర్ర. కొబ్బరితోట మొదట్లో అక్కాతమ్ముళ్ళు ఎదురు చూస్తున్నారు.

"బండి ఇక్కడ పెట్టేయండి సార్. ఇంక ముందుకి పోదండి" అన్నాడు మోషే. రాళ్ళు తను అందుకున్నాడు.

తోటలో నడుస్తూ ప్రసాద్ గొంతు తగ్గించి అడిగాడు. "ఆ పెద్దవాళ్ళు ఇప్పుడు అక్కడే ఉంటారా?"

"ఎప్పుడూ అక్కడేనండి" అంది సరోజిని.

"గొడవకి దిగుతారా?"

"ఈ నెలల్లో నెమ్మదేనండి."

అతను గడకర్రను ఇంకాస్త గట్టిగా పట్టుకుని, చొక్కా సర్దుకుని, ముందు నడిచాడు.

కాసేపటి తర్వాత, గోదావరిలో ఓ చోట మోషే గడ గుచ్చి పడవ నిలిపితే, సరోజిని అంచు మీంచి వంగి నీళ్ళలోకి వేలు చూపించి, "ఇదేనండి మా వీధి గుమ్మం" అంది.