పెట్రోలు వాసన

మెకానిక్ ఇంజనులోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు ఊడదీసి, దాని రబ్బరు సీలును వేళ్ళ మధ్య నొక్కాడు. అది పెళుసుగా విరిగింది.

"ఎవరు వేశారీ సీళ్ళు?"

"నేనే. చవగ్గా దొరికితే..." కారు యజమాని నసిగాడు.

"నాలుగు ఇంజెక్టర్లూ కారుతున్నాయి సార్. ఒక్క నిప్పురవ్వ చాలు, కారు బూడిదే. వాసన రాలేదా?"

"నేను చెబుతూనే ఉన్నాను," అంది బల్ల మీద కూర్చున్న అతని భార్య. ఆమెకిప్పుడు ఎనిమిదో నెల. "కడుపుతో ఉన్నదానికి అన్నీ వాసనలేనని నవ్వేశారు."

మెకానిక్ కంపెనీ సీళ్ళు బిగించి, ఇంజను నడిపి, టార్చి వేసి చూశాడు. ఎక్కడా తడి లేదు.

"నీ మాటే నిజమైందిలే. పద, ఇంటికి పోదాం," అన్నాడు భర్త.

"ఇంటికి కాదండీ, ఆస్పత్రికి." ఆమె పొట్ట మీంచి చెయ్యి తియ్యలేదు. "నిన్నట్నుంచి బిడ్డ కదలడం లేదని కూడా చెబుతున్నాను."

అతను తాళాలు మెకానిక్ చేతిలో పెట్టాడు.

"నువ్వు నడుపు బాబూ. నేను వెనక ఈమె పక్కన కూర్చుంటాను."