తొర్రలో నాట్యం

పొద్దెక్కినా పొగమంచు వీడని ఒక అడవిలో, మద్దిచెట్టు తొర్రలో ఓ తేనెపట్టు ఉండేది. మరీ పెద్దదీ కాదు, అలాగని చిన్నదీ కాదు. పూలజాడ చూసొచ్చిన తేనెటీగ లోపల నాట్యం చేసి చెప్పేది. మిగతావి సూటిగా వెళ్లి ఆ పూల మీదే వాలేవి.

ఆ కబురు కోసం సీతాకోకచిలుకలూ పిట్టలూ రోజూ గుమ్మం ముందు మూగేవి. చీకటి తొర్రలో నాట్యం వాటికేం కనబడుతుంది? వాటికి రోజూ జవాబు చెప్పలేక కాపలా తేనెటీగకు విసుగొచ్చింది.

"అడవంతా చిలక భాష మాట్లాడుతోంది. మనకింకా ఈ పాత గంతులెందుకు? మానేద్దాం," అంది. అన్నీ సరేనన్నాయి.

మర్నాడు ఒక తేనెటీగ కానుగపూలు చూసొచ్చి, "అల్లంత దూరాన, కొండ పక్కన," అని చిలక భాషలో చెప్పింది. ఎంత దూరం? ఏ పక్క? ఆ భాషలో అంతకంటే కొలతల్లేవు. పట్టంతా మంచులో తిరిగి తిరిగి, తడిసిన రెక్కలతో, ఖాళీ కడుపులతో వచ్చిపడింది.

పట్టులోని ముసలి తేనెటీగకు ఒళ్లు మండింది. కబురు తెచ్చినదానితో అంది: "నోరు మూసుకుని ఆడి చూపించవే!"

అది ఆడింది. సాయంత్రానికి పట్టు తేనెతో నిండింది.

కాపలా తేనెటీగ తలదించుకుంది. "మరి బయటవాళ్లకి ఎలా చెప్పను, అవ్వా?"

"రెండు భాషలూ వచ్చినదానివి కదే! లోపల నాట్యం చూడు, బయట చిలక భాషలో చెప్పు."

ఓ ఉదయం తేనెపిట్ట అడిగింది: "ఇప్పుడు మీ ఇంట్లో అంతా చిలక భాషేనా?"

"గుమ్మం దాకా," అని, కాపలా తేనెటీగ చీకట్లో ఆడుతున్న అడుగుల వైపు తిరిగింది.