మొసలి దవడ

బొమ్మ తల మళ్ళీ ఊడిపడింది.

ఇటుకల మాస్టారు మీట కట్టేసి, బల్ల కిందికి దొర్లిపోయిన బఠాణీ గింజంత తలను వెతికి తెచ్చి మొండేనికి తగిలించాడు. ఇది ఐదోసారి. బండి పట్టాల గుట్ట ఎక్కుతుంది, జర్రున జారుతుంది, మొసలి నోట్లోకి దూరుతుంది. అవతలికి వచ్చేసరికి మొదటి సీట్లో బొమ్మకు తల ఉండదు.

పార్కులో కొత్తగా కట్టిన రోలర్ కోస్టర్ రేపు పదింటికి మొదలవుతుంది. ప్లాస్టిక్ ఇటుకలతో దాని నమూనా కట్టి, గేటు దగ్గర గాజుపెట్టెలో నడిపించాలి. ఆ పని మాస్టారిది. నాలుగు నెలలుగా పార్కు వెనక షెడ్డులో అదే లోకం. ఇక్కడ ఒక ఇటుక ఎత్తంటే అసలు దాంట్లో ఒక మూర. ప్లానులో ఎంత ఉంటే అంతే. దేవుడు దిగొచ్చి అడిగినా ఒక్క ఇటుక ఎక్కువ పెట్టడని ఆయనకు పేరు.

ఆ పేరే ఇప్పుడు ఆయన్ని భయపెడుతోంది. నమూనాలో తప్పు లేదంటే, తప్పు బయట ఉన్నట్టేగా?

"నాన్నా, రేపు మొదటి సీటు నాదేగా?" గుమ్మంలోంచి కూతురి గొంతు. అందరూ పిచుక అంటారు. పదకొండేళ్ళు. మాస్టారి పనితనం మెచ్చి పార్కు ఛైర్మన్ ఆ పిల్లకే మొదటి సీటు ఇచ్చాడు.

వెనకే వచ్చిన భార్య క్యారియర్ బల్ల మీద పెట్టబోయి ఆగింది. "ఇదేంటండీ, దీని తలేది?"

"పై దవడ తగులుతోంది."

"బొమ్మకా, బయట ఎక్కే మనుషులకా?"

ఆవిడ పిల్ల భుజం పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "ముందు వెళ్ళి ఆ ఇంజనీరును అడిగి రండి. ఆ తర్వాతే భోజనం."

ఇంజనీరు పెట్టె సర్దుకుంటున్నాడు. మధ్యాహ్నం రైలుకి ఇంకో ఊళ్ళో పనికి వెళ్ళిపోతున్నాడు. సంగతి విని పగలబడి నవ్వాడు.

"మీ దగ్గరున్నది పాత ప్లాను మాస్టారూ! తలలు తగిలేలా ఉన్నాయని మేమే కనిపెట్టి, దవడ రెండు మూరలు పైకి లేపేశాం. కొత్త కాగితం మీకు పంపడం మరిచినట్టున్నాం. రండి, మీ కళ్ళతోనే చూద్దురుగాని."

నిచ్చెన ఎక్కించి టేపు ఆయన చేతికే ఇచ్చాడు. మాస్టారు ఒకటికి రెండుసార్లు కొలిచాడు. నిజమే. సీట్లో కూర్చుని చేతులెత్తినా మొసలి పళ్ళు అందవు. దిగేసరికి చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయింది గానీ, ప్రాణం లేచొచ్చింది.

"ఏమన్నాడు?" అంది భార్య.

"అసలుది భేషుగ్గా ఉంది. తప్పు నా దాంట్లోనే."

"హమ్మయ్య! మీ నోట ఆ మాట వినడానికి పద్నాలుగేళ్ళు పట్టింది."

ఇక నమూనా సంగతి. దవడ లేపాలంటే లోపలి మోటారు దగ్గర్నుంచి సగం గుట్ట దాకా విప్పాలి. రెండు రోజుల పని. నాలుగింటికి గాజుపెట్టెకు తాళం వేస్తారు. మాస్టారు కాసేపు బుర్ర గోక్కున్నాడు. తర్వాత బండిలోని పన్నెండు బొమ్మల్నీ ఒక్కొక్కటిగా పీకి డబ్బాలో పడేసి మీట నొక్కాడు. బండి మొసలి నోట్లో దూరి, నున్నగా బయటికొచ్చింది.

"మనుషులేరి నాన్నా?"

"రేపు నిజం మనుషులు ఎక్కుతారుగా. వీళ్ళెందుకు?"

"ఛైర్మన్‌గారికి ఓ మాట చెప్పరా, తేడా ఉందని?" అంది భార్య.

"చెబితే నాలుగు నెలల పేరు నాలుగు నిమిషాల్లో పోతుంది. పెద్ద మొసలి బాగుంది కదా, చాల్లే."

మర్నాడు పదయ్యేసరికి పార్కులో ఇసుక వేస్తే రాలనంత జనం. పిచుక మొదటి సీట్లో కూర్చుంది. ఇనుప కడ్డీ ఒళ్ళోకి దిగి బిగుసుకుంది. భార్య కంచె దగ్గర నిలబడి ఫోనులో వీడియో తీస్తోంది. బాకా మోగింది. బండి కటకటమంటూ గుట్ట ఎక్కసాగింది.

మాస్టారి పక్కకు వెల్డింగు మేస్త్రి వచ్చి నిలబడ్డాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"మీ పుణ్యమా అని రాత్రి కంటి మీద కునుకు లేదు మాస్టారూ!"

"నేనేం చేశానయ్యా?"

"నిన్న సాయంత్రం ఛైర్మన్‌గారు మీ గాజుపెట్టె ముందు అరగంట నిలబడ్డారు. తర్వాత మా దగ్గరికొచ్చి దులిపేశారు. 'ఆయన మొసలి కరవడానికి వస్తోంది, మీది ఆవులిస్తోంది. తెల్లారేసరికి ఇదీ అచ్చం అలాగే ఉండాలి' అన్నారు. ఇంజనీరుగారి ఫోను కలవలేదు. కలవకపోతేనేం, మీ పనిలో వెంట్రుకవాసి తేడా ఉండదని ఊరంతా ఎరుగుదురు. క్రేను తెప్పించి, మీ దాన్ని కొలుచుకుంటూ దవడ దించేశాం."

మాస్టారు తలెత్తాడు. గుట్ట కొసన బండి ముక్కు కిందికి వంగుతోంది. మొదటి సీట్లో పిచుక రెండు చేతులూ పైకెత్తింది.

"ఆపండి!" అని అరిచాడు. జనం కేరింతల్లో ఆ అరుపు ఆయనకే వినబడలేదు.

మేస్త్రి నవ్వుతూ ఆయన భుజం తట్టాడు. "కంగారు పడకండి మాస్టారూ, పొద్దున్నే ఖాళీగా నడిపి చూశాం, ఎక్కడా తగల్లేదు."